అంతస్తుల మేడలో గృహస్థ ధర్మము

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని తెలుగువారి సామెత. ఇల్లు కట్టుట ఎంత కష్టమో తెలుపు ఈ మాటలో మరియొక విషయము చెప్పకయే చెప్పబడి యున్నది. కట్టించినవాడే ఇంటివాడు, పునాదియు, కప్పును, వాకిలియు వానివే. మలేషియా పట్టణములలో నేడు తెలుగు కుటుంబములు కొనుచున్న గృహములకు ఈ సామెత వర్తింపదు. కొండోమినియము కొన్నవాడు దానిని కట్టించలేదు. పునాది వాని ఒక్కనిది కాదు, కప్పు వాని ఒక్కనిది కాదు, నడుమ గోడకు ఆవలి వైపున పొరుగువాడు మేకు కొట్టుకొనుచుండును. ఇరువదవ అంతస్తులో నాలుగు గోడల మధ్యనున్న చోటు మాత్రమే వాని సొత్తు. అట్టి చోట నివసించుట మేలా, కీడా? అచ్చట గృహస్థ ధర్మము సాగునా? పల్లెలోనున్న వృద్ధులైన తల్లిదండ్రులను అచ్చటికి తెచ్చుట న్యాయమా? బాగాన్ దాతుక్, తెలుక్ ఇంతాన్ ప్రాంతములనుండి కౌలాలంపూరుకు పిల్లలు తరలిపోయిన కుటుంబములలో ఈ ప్రశ్న ఏదో ఒకనాడు తలయెత్తక మానదు.

దీనికి ఉద్వేగముతో సమాధానము చెప్పుట సులభము. పెద్దలు "పంజరము" అందురు. పిల్లలు "సౌకర్యము" అందురు. విచారమునకు ఈ రెండు మాటలును చాలవు. పంజరమని నిందించువారు పూర్వపు ఇల్లు ఎట్టిదో జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. సౌకర్యమని మెచ్చుకొనువారు ఆ సౌకర్యము ఎవరి శ్రమపై నిలిచి యున్నదో చూడవలెను.

లైను ఇండ్ల జ్ఞాపకము

విశాఖపట్టణము, గంజాము, గోదావరి మండలములనుండి వచ్చిన తెలుగు కూలీలకు మలయాలో మొట్టమొదట లభించిన గృహములు తోట లైన్లు. ఒప్పంద కూలి పద్ధతి 1910లో రద్దయ్యెను. కంగాణీల ద్వారా జనమును రప్పించు పద్ధతి 1938లో భారత ప్రభుత్వము వలసను నిషేధించువరకు సాగెను. పద్ధతి మారినను ఇల్లు మారలేదు. పొడవైన ఒకే కప్పు క్రింద వరుసగా గదులు, గదికొక కుటుంబము. గదుల నడుమ అడ్డుగోడ అనేక చోట్ల కప్పువరకు పోనందున, ఒక గదిలో పసిబిడ్డ ఏడ్చిన వరుస అంతయు మేలుకొనెడిది. నీళ్ళకు ఉమ్మడి కుళాయి, స్నానమునకు ఉమ్మడి తొట్టి. తెల్లవారకముందే హాజరు పిలుపు.

ఆ లైన్లలో స్నేహము వర్ధిల్లెననుట నిజము. ప్రసవమునకు పక్కింటి అవ్వ వచ్చెడిది. ఒక ఇంట చావు సంభవించిన పొరుగిండ్లవారే వంట చేసి పంపెడివారు. పొద్దుగూకిన తరువాత రామభజన మందిరములో తాళములు మ్రోగెడివి. ఎవరి బిడ్డ ఎచ్చట ఆడుకొనుచున్నను ఎవరో ఒకరి కన్ను ఆ బిడ్డపై నుండెడిది. ఈ జ్ఞాపకము విలువ లేనిది కాదు.

అయితే ఆ ఇల్లు ఎవరిది? కంపెనీది. దొరకు ఆగ్రహము కలిగిననాడు అది పోవును. నలువది యేండ్లు రబ్బరు పాలు గీసిన చేతులు వణకుట మొదలైననాడు, బిడ్డలలో ఎవరును తోటపనిలో లేనిచో, ఆ ముసలి దంపతులు గది ఖాళీ చేయవలసి వచ్చెడిది. పని పోయిన ఇల్లును పోవును: లైను ఇంటికి ఇదియే మూలసూత్రము. కూలీల నివాసములకు కనీస ప్రమాణములు విధించు చట్టము 1966లో వచ్చెను. దాని స్థానమున 1990లో మరియొక చట్టము వచ్చెను. ఇండ్లు కొంత మెరుగుపడెను గాని, వానిపై హక్కు కూలివానికి రాలేదు. మరియొక విషయము: పక్కవాని కన్ను బిడ్డను కాపాడినట్లే, కంగాణి కన్ను పెద్దలను కాపలా కాచెడిది. ఎవరి ఇంట ఏమి వండిరో, ఎవరి కోడలు ఎప్పుడు ఏడ్చెనో అందరికిని తెలిసెడిది. ఏకాంతము లేని ఆ జీవితమును సమష్టి జీవితమని మాత్రమే పొగడుట, దానిని భరించిన స్త్రీలకు న్యాయము చేయుట కాదు.

అంతలో తోటలే మారిపోయెను. కౌలాలంపూరులో నేడు ఖరీదైన మేడలు నిలిచిన బంగ్సార్ పేటకు ఆ పేరు బుంగే-గ్రిసార్ రబ్బరు తోటనుండి వచ్చినది. సుబాంగ్ జయ పట్టణము 1976నుండి సీఫీల్డు తోట భూమిపై వెలసెను. క్రొత్త పరిపాలనా నగరమైన పుత్రజయ పెరాంగ్ బెసార్ తోట ఉన్నచోట 1990ల దశకములో నిర్మింపబడెను. అచ్చటి తోటల కార్మిక కుటుంబములు డెంగ్కిల్ వద్దనున్న తామాన్ పెర్మాతా ఫ్లాట్లకు తరలింపబడిరి. ఆ ఫ్లాట్ల గోడలు పగిలినవనియు, నివాసము క్షేమము కాదనియు వారు అనేక సంవత్సరములు మొరపెట్టుకొనిరి. కావున తోటనుండి మేడకు ప్రయాణము అందరికి ఒకే రీతిగా జరుగలేదు. చదువుకొని, ఉద్యోగము సంపాదించి, ఇష్టపడి కొండోమినియము కొన్నవారు కొందరు. భూమి అమ్ముడుపోగా ఫ్లాటులోనికి నెట్టబడినవారు మరికొందరు. మేలు కీడుల విచారణలో ఈ భేదమును మరువరాదు. ఎన్నుకొనినవానికి సౌకర్యమైనది, ఎన్నుకొను అవకాశమే లేనివానికి భారము కావచ్చును.

"కలిసి ఏలుట" అను మాట

కొండోమినియము అను మాట లాటిను భాషనుండి పుట్టినది. కలిసి యాజమాన్యము వహించుట అని దాని భావము. కొనువారు యాజమాన్యమును కోరి కొనుచున్నారు. "కలిసి" అను సగమును మరచుచున్నారు. మేడలలో పుట్టు కలహములలో అధిక భాగమునకు మూలమిదియే.

మలేషియా చట్టము ఈ మాటను మరువలేదు. 1985 నాటి స్ట్రాటా టైటిల్స్ చట్టము అంతస్తులలోని ఒక్కొక్క భాగమునకు వేరు పట్టా పొందు మార్గమును ఏర్పరచెను. మెట్లు, లిఫ్టులు, నడవలు, కప్పు, నీటి గొట్టములు, తోట, కారు నిలుపు స్థలములో భాగము మొదలైనవి ఉమ్మడి ఆస్తి. 2013 నాటి స్ట్రాటా మేనేజ్‌మెంట్ చట్టము 2015 జూను నెలనుండి అమలులోనికి వచ్చి, ఈ ఉమ్మడి ఆస్తిని నడపు విధానమును నిర్ణయించెను. ప్రతి యజమాని తన భాగమునకు చెందిన వాటాలనుబట్టి నిర్వహణ రుసుము చెల్లింపవలెను; దానితోపాటు ఆ రుసుములో నూటికి పది వంతుల మొత్తమును సింకింగ్ ఫండుకు చెల్లింపవలెను. నెలకు 250 రింగిట్లు రుసుమైనచో ఫండుకు 25 రింగిట్లు. సర్వసభ్య సమావేశము ప్రతి సంవత్సరము జరుగవలెను. బాకీపడినవారి పేర్లు నోటీసు బోర్డుపై ప్రకటించుటకును, ప్రవేశపు కార్డును నిలిపివేయుటకును నిర్వాహకులకు అధికారము కలదు. వివాదములను తీర్చుటకు ప్రత్యేక ట్రిబ్యునలు కలదు.

ఇంత చట్టము ఎందులకు? "ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చినది" అను తెలుగు సామెత సమాధానము చెప్పును. పదిమంది గొఱ్ఱెకు పుండైననాడు ప్రతివాడును మరియొకడు మందు పెట్టునని ఊరకుండును, గొఱ్ఱె చచ్చును. నూరు ఇండ్లున్న మేడలో ముప్పదిమంది రుసుము చెల్లింపలేదనుకొనవచ్చును. లిఫ్టు చెడిపోవును. బాగుచేయుటకు ధనము చాలదు. అప్పుడు చెల్లించిన డెబ్బదిమందియు మెట్లెక్కుదురు. చెల్లింపని ముప్పదిమందియు మెట్లెక్కుదురు. ధర్మమునకు ఫలము కనబడనందున డెబ్బదిమందిలో కొందరు చెల్లించుట మానుదురు. ఈ విధముగా ఒకని అలసత్వము పదిమంది ధర్మబుద్ధిని క్షయింపజేయును. రుసుము ఎగవేయువాడు ధనమును మాత్రమే దొంగిలించుట లేదు. పొరుగువానికి ధర్మమునందున్న నమ్మకమును దొంగిలించుచున్నాడు.

మేడ నివాసమువలని మేలు

మొదటి మేలు హక్కు. పట్టా చేతికందినవానిని పని పోయిన మరునాడు వెళ్ళగొట్టువాడు లేడు. బ్యాంకు అప్పు ఉన్నమాట నిజమే. అది తీరువరకు ఇల్లు బ్యాంకు చేతిలో తాకట్టు. అయినను లైను ఇంటిలో పుట్టిన మనుమడు తన పేరిట పట్టా చూచుకొనుట సామాన్యమైన విషయము కాదు. మూడు తరములు ఎదురుచూచిన కాగితము అది.

రెండవది సామీప్యము. ఉద్యోగము, ఆసుపత్రి, బడి, రైలు దగ్గరగా నుండుటచే దినమునకు రెండు మూడు గంటలు మిగులును. ఆ గంటలు బిడ్డల చదువునకో, తల్లిదండ్రుల సేవకో వినియోగింపబడినచో అది పుణ్యకాలమే. మోకాళ్ళ నొప్పిగలవారికి లిఫ్టు, చక్రాల కుర్చీలో తిరుగువారికి చదునైన దారి చిన్న విషయములు కావు.

మూడవది రక్షణ. కాపలాయు, కెమేరాయు ఉన్నచోట ఒంటరి స్త్రీ రాత్రివేళ పనినుండి నిర్భయముగా తిరిగి రాగలదు. ఇల్లు తాళము వేసి తిరుపతి యాత్రకు పోగలరు.

నాలుగవది ఏకాంతము. ఇది దోషముగా చెప్పబడుట కలదు గాని, మొదట మేలుగా చెప్పవలెను. తలుపు మూసికొను స్వేచ్ఛ పూర్వులకు లేకపోయెను. భార్యాభర్తలు తగ్గుస్వరముతో మాటలాడుకొనుటకును, పిల్లవాడు నిశ్శబ్దముగా చదువుకొనుటకును, క్రొత్త కోడలు ఎవరి పరిశీలనయు లేక వంట నేర్చుకొనుటకును గోడ కప్పువరకు పోవలెను.

ఐదవది భూమి. కొన్ని ఎకరములలో వందల కుటుంబములు నివసించినచో, ఆ మేరకు అడవియు, పొలమును మిగులవచ్చును. పైగా, ఒకే అంతస్తులో మలయులు, చీనులు, తమిళులు, తెలుగువారు ప్రక్క ప్రక్క తలుపులలో నుండుట, జాతికొక వీధియని ఏర్పడియుండుటకంటె దేశమునకు మంచిది. దీపావళినాడు ఒక పళ్ళెము ఎదురింటికి పోయి, హరిరాయనాడు ఆ పళ్ళెము నిండుగా తిరిగి వచ్చుట మేడలోను జరుగుచున్నది.

మేడ నివాసమువలని కీడు

కీడులలో మొదటిది, ఉమ్మడిది ఎవరిదియు కాకపోవుట. దీనివలన ప్రాణములు పోయిన సంఘటనలు ఉన్నవి. 1993 డిసెంబరు 11వ తేదీన ఉలు క్లాంగ్ ప్రాంతములో హైలాండ్ టవర్సులోని ఒక మేడ కూలి 48 మంది మరణించిరి. వెనుకనున్న కొండవాలులో వాననీరు పోవు మార్గములు సరిగా లేకపోవుటయు, నిలుపుగోడలు విరిగిపోవుటయు దానికి కారణములుగా తేలెను. కొండపైని కాలువ ఏ ఇంటి కిటికీనుండియు ఎవరికిని తనదిగా కనబడదు. తనది కానిది చెడిపోవుచున్ననాడు అడుగువాడు ఎవడు? ఆ ప్రశ్నకు సమాధానము లేనిచోట చలువరాతి నేలయు, అద్దాల కిటికీలును ఎవరిని కాపాడవు.

రెండవది, తన చేతిపనికి ఫలితమును తాను చూడకపోవుట. 2018 జనవరి నెలలో కౌలాలంపూరులోని పంతాయి ప్రాంతపు ప్రజాగృహ ఫ్లాట్లలో పైనుండి పడిన కుర్చీ తగిలి, తల్లితో నడచివచ్చుచున్న పదునైదేండ్ల బాలుడు మరణించెను. నేలపైనున్న ఇంటివాడు విరిగిన కుర్చీని వాకిట పారవేసిన వీధివారు తిట్టుదురు, అంతటితో పోవును. ఎత్తున నున్నవానికి అదే అలసత్వము హత్యతో సమానము. ఎత్తు పెరిగినకొలది బాధ్యతయు పెరుగును. ఇది మేడలకు మాత్రమే గాక, పదవులకును ధనమునకును వర్తించు నీతి.

మూడవది, ఏకాంతము ముదిరి ఒంటరితనమగుట. తలుపు మూసికొను స్వేచ్ఛ మేలే. తలుపు తట్టువారే లేకపోవుట మేలు కాదు. పగలంతయు కొడుకు కోడలు పనిలో, మనుమలు బడిలో నుండగా, ఒక వృద్ధురాలు పదునెనిమిదవ అంతస్తులో టెలివిజను ముందు కూర్చుండును. క్రిందికి దిగుటకు లిఫ్టు మీట తెలియదు. తెలిసినను ఎవరిని చూచుటకు దిగవలెను? పల్లెలో ఆమె పలువురికి పెద్దమ్మ. ఇచ్చట ఆమె ఒక ఇంటి సంఖ్య. 2020 మార్చి 18నుండి దేశమంతట రాకపోకలపై కట్టడి అమలైనప్పుడు ఈ ఒంటరితనము యువకులకును కొంత తెలిసివచ్చెను.

నాలుగవది, అధిక సంఖ్యాకుల బలము. మేడ పాతబడినప్పుడు దానిని అమ్మి, పడగొట్టి, క్రొత్తది కట్టవలెనని కొందరు కోరుదురు. 2025లో పార్లమెంటు ముందుంచబడిన పట్టణ పునరుద్ధరణ బిల్లు, ముప్పది యేండ్లలోపు మేడలకు నూటికి 80 మంది, అంతకు మించినవానికి 75 మంది, విడిచివేయబడిన లేక ప్రమాదకరమైన మేడలకు 51 మంది యజమానుల సమ్మతి చాలునని ప్రతిపాదింపగా గొప్ప వాదప్రతివాదములు జరిగెను. 75 మంది కోరిన, మిగిలిన 25 మంది ఇల్లు విడువవలెనా? ఒకరిద్దరి పట్టుదలవలన నూరుగురు కూలిపోవు మేడలో నుండవలెనా? రెండు ప్రశ్నలలోను న్యాయము కలదు. ధనముగలవాడు పడమటి పేటలో మరియొకటి కొనును. పింఛనుపై బ్రతుకు వృద్ధునికి నష్టపరిహారముతో అదే పేటలో ఇల్లు దొరకకపోవచ్చును. ఓట్ల లెక్కలో ఇద్దరిని సమానముగా చూచుట వేరు, ఇద్దరి నష్టమును సమానమనుకొనుట వేరు. తోటలు అమ్ముడుపోయిననాటి చరిత్ర తెలిసినవారు ఈ భేదమును ఇతరులకంటె ముందుగా గ్రహింపవలెను.

పంచ మహాయజ్ఞములు అను గీటురాయి

ఇట్లు మేలు కీడులను రెండు తక్కెడలలో వేసినంత మాత్రమున నిర్ణయము కాదు. తూచుటకు రాయి కావలెను. గృహస్థుడు దినదినము ఐదు యజ్ఞములు చేయవలెనని పూర్వులు విధించిరి: దేవ యజ్ఞము, బ్రహ్మ యజ్ఞము, పితృ యజ్ఞము, భూత యజ్ఞము, మనుష్య యజ్ఞము. ఏ ఇంటిలో ఈ ఐదును సాగునో అది గృహము. సాగనిచోట అది వసతి మాత్రమే. మేడను ఈ గీటుపై రాచి చూడవలెను.

దేవ యజ్ఞము చిన్న చోటులోను సాగును. దీపమునకు మూరెడు చోటు చాలును. వాకిట ముగ్గు, గుమ్మమునకు మామిడాకుల తోరణము, బాల్కనీలో తులసి కుండీ మేడలలో కానవచ్చుచునే యున్నవి. చిక్కు వచ్చునది పొగతోను, ధ్వనితోను. నడవ ఉమ్మడి ఆస్తి. దానిలో హోమపు పొగ నింపుటకును, అర్ధరాత్రి మృదంగము వాయించుటకును హక్కు లేదు. పొరుగువాని నిద్రను చెరచి చేసిన భజనను దేవుడు మెచ్చునా? పెద్ద భజనకు మేడ క్రిందనున్న సమావేశ మందిరమును ముందుగా అడిగి తీసికొనవచ్చును; లేదా గుడికి పోవచ్చును. ఈ యజ్ఞమునకు మేడ ఆటంకము కాదు. మర్యాద నేర్పు గురువు.

బ్రహ్మ యజ్ఞమనగా అధ్యయనము. ఇందు మేడకు ఒక విశేషము కలదు. ఒకే మేడలోనో, ప్రక్క మేడలలోనో నాలుగు తెలుగు కుటుంబములున్నచో, ఆదివారము ఉదయము పది మంది పిల్లలకు తెలుగు పాఠము చెప్పుటకు బస్సు అవసరము లేదు. 1955లో స్థాపింపబడి నేడు మలేషియా తెలుగు సంఘమని పేరొందిన సంస్థయు, రామ మందిరములును తోటలలో ఆరంభించిన పనిని మేడల సమావేశ మందిరములలో కొనసాగింపవచ్చును. చాపలు పరచుకొని "అ, ఆ" దిద్దిన తరము పోయినది. చాప ఉన్నది, పరచువారు కావలెను.

పితృ యజ్ఞము కఠినమైనది. గతించినవారికి తర్పణము విడుచుటకంటె, బ్రతికియున్నవారిని ఆదరించుట మొదటి మెట్టు. దీనిని ప్రత్యేకముగా విచారింపవలసి యున్నందున తరువాత చెప్పబడును. అయితే ఈ యజ్ఞమునకు మరియొక ముఖము కలదు. పూర్వులు మలయాలో రబ్బరును, కొబ్బరిని నాటిరి. కాపు కంపెనీకి పోయెను. నాటిన చేతులకు నీడ కూడ మిగులలేదు. నేటి యజమాని సింకింగ్ ఫండుకు చెల్లించు పాతిక రింగిట్లు, ఇరువది యేండ్ల తరువాత లిఫ్టు మార్చుటకును, కప్పు బాగుచేయుటకును పనికివచ్చును. అప్పటికి ఆ మేడలో తానుండునో లేదో తెలియదు. రానున్నవారి కొఱకు చెట్టు నాటుటయే అది. ఈసారి కాపు తన వారికే చెందును. దానిని దండుగయని సణుగువాడు పితృఋణమను మాటకు అర్థము తెలిసికొనలేదు.

భూత యజ్ఞమనగా మనుష్యులు కాని ప్రాణులకు ఇంత పెట్టుట. కాకికి ముద్ద పెట్టు ఆచారము మేడలో కష్టము. కిటికీ గట్టుపై పెట్టిన మెతుకులు క్రింది ఇంటి బట్టలపై పడును. పెంపుడు జంతువులకును అనేక మేడలలో నిర్బంధములు కలవు. ఇది మేడలోని నిజమైన లోపము. దీనికి బదులు, అన్నము పారవేయకుండుటయు, చెత్తను కిటికీనుండి విసరకుండుటయు, నీరు వృథా చేయకుండుటయు భూత యజ్ఞములో భాగములుగా భావింపవచ్చును. అయినను బాల్యములో కోడిపెట్టను, లేగదూడను ముట్టని బిడ్డకు ఏదో ఒకటి తక్కువయగుననుట కాదనరానిది. సెలవులలో పల్లెకు పంపుట ఆ లోపమును కొంత తీర్చును.

ఐదవది మనుష్య యజ్ఞము, అతిథి సేవ. తిథి చూడక వచ్చువాడు అతిథి. మేడలో అట్లు రాజాలడు. గేటు వద్ద ఆపి, గుర్తింపు కార్డు చూచి, ఇంటికి ఫోను చేసి, అనుమతి వచ్చిన పిదప పంపుదురు. రక్షణకు ఇది అవసరమే. అయితే గేటు వద్ద పది నిమిషములు నిలిచిన మేనమామకు అది అవమానముగా తోచుట సహజము. ఇంటివాడు క్రిందికి దిగి ఎదురేగి తీసికొని వచ్చినచో ఆ గేటే స్వాగత తోరణమగును. లిఫ్టులో రెండు నిమిషముల ప్రయాణము అంత భారమైనది కాదు.

ఈ యజ్ఞములో ఎవరును లెక్కింపని అతిథి ఒకడు గలడు. ఆ గేటు వద్ద నిలుచున్నవాడే అతడు. మలేషియా మేడలలో కాపలా కాయువారిలో అనేకులు నేపాళ దేశమునుండి వచ్చినవారు. ఊడ్చి తుడుచువారిలో అనేకులు బంగ్లాదేశము, ఇండొనేషియా దేశములవారు. దూరదేశమునకు ఏజెంటుకు అప్పుపడి వచ్చి, ఒక గదిలో పలువురు పండుకొని, జీతములో అధికభాగము ఇంటికి పంపి, పండుగనాడు భార్యాబిడ్డల ముఖము ఫోనులో చూచు మనుష్యుడు వాడు. ఆ కథ తోట కూలీల వంశస్థులకు క్రొత్తది కాదు. ఓడ మారినది, దేశము మారినది, పని మారినది. అప్పును, దూరమును మారలేదు. కంగాణి మాటకు తల వంచిన ముత్తాత నేడు తిరిగి వచ్చినచో, మేడపై నివసించు ముని మనుమని ఇంటికంటె, క్రింద గేటు వద్దనున్న కాపలావాని గదియే తన ఇల్లని గుర్తుపట్టును. ఆ కాపలావానిని "ఏయ్" అని పిలుచు తెలుగు ఇంటివాడు ఎవరిని పిలుచుచున్నాడో ఆలోచింపవలెను. వాని గదిలో పంకా తిరుగుచున్నదా, త్రాగుటకు నీరున్నదా, సెలవు దొరకుచున్నదా అని సర్వసభ్య సమావేశములో ఒక్కరైన అడిగినచో అది మనుష్య యజ్ఞము. రుసుము తగ్గించుటకై కాపలావాని జీతమును తగ్గింపవలెనని చేతులెత్తినచో, ఆ మేడలో ఎన్ని దీపములు వెలిగినను చీకటియే.

తల్లిదండ్రుల విషయము

ఇక వృద్ధుల ప్రశ్న. పల్లెలో ఒంటరిగా నున్న తల్లిదండ్రులను మేడకు తెచ్చుట కొడుకు ధర్మమని కొందరు వాదింతురు. వైద్యము దగ్గర, తోడు దగ్గర. పల్లెలో రాత్రివేళ ఏమైన జరిగిన ఎవరు చూతురు? ఈ వాదము బలమైనది. మరికొందరు, ముసలి చెట్టును పెకలించి కుండీలో నాటరాదని వాదింతురు. ఇదియు బలమైనదే.

రెండు వాదములును ఒక విషయమును విడిచిపెట్టుచున్నవి: ఆ తల్లిదండ్రుల మాట. జీవితమంతయు ఇతరులు చూపిన గదిలో నివసించినవారు వారు. ఏ లైనులో ఉండవలెనో దొర చెప్పెను. ఎప్పుడు ఖాళీ చేయవలెనో కంపెనీ చెప్పెను. చిట్టచివర ప్రేమతోనే అయినను, కొడుకు కూడ అడుగక చెప్పినచో, వారి జీవితములో స్వయముగా ఇల్లు ఎన్నుకొనిన దినము ఒక్కటియు లేకపోవును. కావున తెచ్చుట ధర్మమా, తేకుండుట ధర్మమా అని అడుగుటకు ముందు, వారిని అడుగుట ధర్మము. అడుగుట యనగా నిర్ణయము చేసికొనిన తరువాత తెలుపుట కాదు. రెండు నెలలు ఉండి చూచి తిరిగి పోవు స్వేచ్ఛ వారికి ఉండవలెను. పల్లెలోని ఇంటిని తొందరపడి అమ్మరాదు. తిరిగి పోవుటకు చోటున్నవాడు అతిథివలె సుఖముగా ఉండును. చోటు లేనివాడు శరణార్థివలె ఒదిగియుండును.

వచ్చుటకు ఇష్టపడినచో, కొడుకు బాధ్యత గది చూపుటతో తీరదు. లిఫ్టు మీటలు నేర్పవలెను. ఎదురింటివారికి పరిచయము చేయవలెను. వారమునకొకసారి గుడికి తీసికొనిపోవలెను. ప్రవేశపు కార్డు ఒకటి వారి చేతికే ఈయవలెను. కార్డు లేని వృద్ధుడు ఆ మేడలో ఖైదీ. రానిచ్చగింపనిచో, దినదినము ఫోను, నెలనెల ప్రయాణము, పల్లెలో నమ్మకమైన పొరుగువాని ఏర్పాటు కావలెను. అట్టి కొడుకు పితృ యజ్ఞము చేయలేదని ఎవరును అనరాదు.

మేడలో మరణము సంభవించినప్పటి చిక్కులనుగూర్చి పెద్దలు భయపడుట కలదు: శవమును లిఫ్టులో దించుట, క్రింద పందిరి వేయుటకు అనుమతి, పొరుగువారి సణుగుడు. ఈ భయము అల్పమైనది కాదు గాని తీరరానిది కాదు. ముందుగానే నిర్వాహకులతో మాటలాడి నియమము ఏర్పరచుకొనవచ్చును. చీను కుటుంబములకును, మలయు కుటుంబములకును అదే అవసరము కలదు. మరణము కూడ ఉమ్మడి ఆస్తియే. దానిని గౌరవముగా జరుపుకొను ఏర్పాటు లేని మేడ ఎంత ఖరీదైనదైనను అసంపూర్ణము.

తుది మాట

తేలినదేమి? మేడ స్వర్గము కాదు, పంజరము కాదు. అది పట్టా గల లైను. లైనులోని ఉమ్మడి గోడ, ఉమ్మడి నీరు, ఉమ్మడి నడవ దానియందును కలవు. దొర లేడు, కంగాణి లేడు. వారి స్థానమున నివాసులే ఉన్నారు. పూర్వము లైను చెడిపోయిన దొరను నిందించుట న్యాయముగా నుండెను. నేడు మేడ చెడిపోయిన నిందింపవలసినవాడు అద్దములో కనబడును. స్వేచ్ఛకు చెల్లింపవలసిన వెల ఇదియే.

పడుచు కుటుంబమునకు, పనికి దగ్గరగా, చెల్లింపగల ధరలో మేడ దొరికినచో కొనుట తప్పు కాదు. కొనుటకు ముందు నమూనా ఇంటి చలువరాళ్ళను చూచినంత శ్రద్ధగా మేడ నిర్వహణ లెక్కలను చూడవలెను. కొనిన పిదప రుసుమును మొదటి తేదీన చెల్లింపవలెను. సంవత్సరమునకొక సాయంకాలము సర్వసభ్య సమావేశమునకు కేటాయింపవలెను. ఎదురింటివారి పేరు తెలిసికొనవలెను. కాపలావాని పేరును తెలిసికొనవలెను. వృద్ధులను అడుగక కదల్పరాదు. ఈ పనులలో దేనికిని విశేషమైన పాండిత్యముగాని ధనముగాని అవసరము లేదు.

పూర్వులు తమది కాని ఇంటిలో నుండియు ఇరుగుపొరుగు ధర్మమును నిలిపిరి. తమదైన ఇంటిలో నుండి దానిని పోగొట్టుకొనుట వారి సంతతికి తగదు.